ఫ్రీ యాప్స్ మన దగ్గర డబ్బులు ఎందుకు అడగవు? యాడ్స్ వెనుక లెక్క ఇదీ

యూట్యూబ్ ఓపెన్ చేస్తే ముందు ప్లాట్ల యాడ్, తర్వాతే పాట. మా కందుకూరులో ఇది మామూలే. శ్రీశైలం హైవే పక్కన వెంచర్ల హోర్డింగులు ఉన్నట్టే ఫోన్‌లోనూ కనిపిస్తాయి. "ఈ యాడ్స్ బదులు నెలకు ఎంతో కొంత తీసుకోవచ్చు కదా?" అని ఫ్రెండ్స్ నన్ను అడుగుతుంటారు. తీసుకోకపోవడానికి మూడు కారణాలున్నాయి.

1. ఫీజు పెడితే జనం తగ్గుతారు

వాట్సాప్ ఇది చేసి చూసింది. మొదటి ఏడాది ఫ్రీ, తర్వాత ఏడాదికి 0.99 డాలర్. 2016 జనవరిలో ఆ ఫీజు ఎత్తేసింది. చాలామంది యూజర్లకు డెబిట్, క్రెడిట్ కార్డులు లేవని కంపెనీయే చెప్పింది. ఇప్పుడు యూపీఐ వచ్చింది, టీ కొట్టులోనూ స్కాన్ చేస్తున్నాం. అయినా సమస్య పోలేదు. ఫీజు ఎందుకులే అని మీ అమ్మమ్మ వాట్సాప్ వదిలేస్తే, ఫీజు కట్టిన మీరు ఆమెకు ఫొటో ఎలా పంపుతారు?

2. ఒకే రేటు అందరికీ కుదరదు

2023 చివరి మూడు నెలల్లో ఫేస్‌బుక్‌కి అమెరికా, కెనడాల్లో ఒక్కో యూజర్ మీద సగటున 68.44 డాలర్లు వచ్చాయి. మనం ఉన్న ఆసియా-పసిఫిక్‌లో 5.52 డాలర్లే. అక్కడి లెక్కన మనకు ఫీజు పెడితే నెలకు దాదాపు 1,900 రూపాయలు! ఎవరు కడతారు? యాడ్స్‌కి ఈ తలనొప్పి లేదు. యాడ్ చోటుకి వేలం జరుగుతుంది కాబట్టి, చూసే మనిషిని బట్టి రేటు దానంతట అదే మారుతుంది.

3. డబ్బు కట్టగలిగేవాళ్లే యాడ్స్‌కీ కావాలి

యూట్యూబ్ ప్రీమియం 2024 ఆగస్టులో నెలకు 129 నుంచి 149 రూపాయలకు పెరిగింది. అది కట్టగలిగినవాళ్లే ప్లాటు కొనే అవకాశమూ ఎక్కువ. వాళ్లు తప్పుకుంటే, మిగిలినవాళ్లకు చూపే యాడ్‌కి వేలంలో అంత రేటు పలకదు. అందుకే యాడ్స్ లేని ప్లాన్ చవగ్గా ఇవ్వడం కష్టం.

మరి మనం ఇచ్చేదేంటి?

వేలంలో మంచి రేటు రావాలంటే మీరు ఎక్కడ ఉంటారు, ఏం వెతుకుతున్నారు అన్నది తెలియాలి. అంటే డబ్బుకు బదులు డేటా ఇస్తున్నాం. నేను యాడ్స్ వద్దనను. వాటి వల్లే రూపాయి కట్టలేని స్టూడెంట్ కూడా యూట్యూబ్‌లో పాఠాలు వింటున్నాడు. కానీ డేటా ఎంత ఇవ్వాలో మనం చూసుకోవాలి. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో 'యాడ్స్' అని వెతికి, అడ్వర్టైజింగ్ ఐడీ డిలీట్ చేయండి. యాడ్స్ ఆగవు. యాప్స్‌కి మాత్రం మిమ్మల్ని గుర్తుపట్టే ఒక నంబర్ తగ్గుతుంది.