అనువాదంతోనే ప్రశ్నావళి సిద్ధమైనట్టు కాదు

ప్రశ్న: మాది భూపాలపల్లి. నర్సింగ్ ట్యూటర్‌ని. సిమ్యులేషన్ ల్యాబ్ శిక్షణపై విద్యార్థుల అభిప్రాయం తెలుసుకోవడానికి ఇంగ్లిష్ ప్రశ్నావళిని తెలుగు చేసి వాడవచ్చా?

జవాబు: తప్పకుండా వాడవచ్చు. అమెరికాలోని నేషనల్ లీగ్ ఫర్ నర్సింగ్ వారి 13 అంశాల ప్రశ్నావళి మీకు పనికొస్తుంది. అందులో 5 అంశాలు సంతృప్తిని, 8 ఆత్మవిశ్వాసాన్ని కొలుస్తాయి. వాడకానికి వారి షరతులు, మీ ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే చూసుకోండి.

ఇద్దరు విడివిడిగా తెలుగు చేయాలి. ఆ రెండింటినీ కలిపి ఒక ప్రతి తయారుచేశాక, మూలం చూడని మరో ఇద్దరు దాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చాలి. తేడాలను నిపుణుల బృందం సరిదిద్దాలి. బీటన్ బృందం 2000లో సూచించిన పద్ధతి ఇది. తర్వాత 30–40 మంది విద్యార్థులతో నింపించి, ఏ వాక్యం ఎలా అర్థమైందో ఒక్కొక్కరినీ అడగండి. పుస్తక భాష వద్దు, మీ పిల్లలు మాట్లాడే తెలుగే ఉండాలి.

ఆరుగురు లేదా అంతకు మించి నిపుణులు పరిశీలిస్తే, ప్రతి అంశానికీ, అది ఎంత సముచితమో వారి అంచనాలతో చెప్పే విషయ ప్రామాణికత సూచిక 0.78కి తగ్గకూడదు. అసలు సర్వేకు అంశానికి పదిమంది చొప్పున 130 మంది కావాలి. అంతమంది లేకపోతే ములుగు, వరంగల్ కళాశాలలనూ కలుపుకోండి. అంశాల మధ్య పొందికను చూపే క్రాన్‌బాక్ ఆల్ఫా 0.70 దాటితే చాలదు. సంతృప్తి, ఆత్మవిశ్వాసం రెండూ వేర్వేరుగా నిలుస్తున్నాయో లేదో ఫ్యాక్టర్ అనాలిసిస్‌తో చూడాలి.

మార్కులు వేసే టీచరే ఫారాలు పంచితే పిల్లలు మంచి జవాబులే రాస్తారు. పేర్లు అడగకండి, పంచే పని వేరేవారికి అప్పగించండి. నిజాయితీగా చెప్పిన అసంతృప్తే మీ ల్యాబ్‌ను బాగుచేస్తుంది.