కారులోని కంప్యూటరు – చోదకుని భావసంధి

మన అలంకారశాస్త్రములో భావసంధి యను మాట ఒకటి కలదు. భిన్నములైన రెండు భావములు ఒకే హృదయమున, ఒకే సమయమున, సమాన బలముతో నిలుచుట దాని లక్షణము. మన కళాశాలలోని ఉర్దూ మిత్రులు దీనికి దగ్గరగా 'కష్‌మకష్' అను మాటను వాడుదురు. కావ్యములలో ప్రేమకును కర్తవ్యమునకును నడుమ నలిగెడు పాత్రలయందు మనము చదివిన ఈ స్థితి, నేడు కారు నడుపు సామాన్య చోదకునియందు ప్రత్యక్షమగుచున్నది. అతడు కూర్చున్న బండిలో ఇప్పుడు కంప్యూటరు కూడ కూర్చున్నది. అది అతనిని కాపాడుచున్నది, హెచ్చరించుచున్నది, ఒక్కొక్కప్పుడు అతని చేతిలోని స్టీరింగును తానే త్రిప్పుచున్నది. దానిని ప్రేమించుటయా, ద్వేషించుటయా అని అతడు తేల్చుకొనలేకున్నాడు.

ఈ విషయము నాకు పుస్తకములలో కంటె ముందుగా మా ఇంటిలోనే ఎదురైనది. మా మామూ ముప్పది సంవత్సరములు అంబాసిడర్ టాక్సీ నడిపినవాడు. ఇప్పుడు ఒక వైద్యుని కొత్త కారుకు డ్రైవరు. ఒకనాటి సాయంకాలము ఒక మోటారు సైకిలు సందులోనుండి హఠాత్తుగా రోడ్డుమీదికి వచ్చినది. మామూ కాలు బ్రేకుమీద పడకముందే కారు తనంతట తాను ఆగినది. ఇద్దరి ప్రాణములు నిలిచినవి. ఆ రాత్రి భోజనమువద్ద అతడు చాలసేపు మౌనముగా ఉండి, చివరకు “బేటా, బండి నన్ను కాపాడింది నిజమే. కాని నన్ను అడగలేదు” అన్నాడు. ఈ వ్యాసమునకు ఆ మాటయే మూలము.

సారథి విద్య

భారతము అరణ్యపర్వములోని నలోపాఖ్యానమును విద్యార్థులు చదివియుందురు. బాహుకుని వేషములోనున్న నలుడు ఋతుపర్ణుని రథమును అయోధ్యనుండి విదర్భకు ఒక్క పగటిలో తోలెను. జారిపడిన ఉత్తరీయమును తీసికొందమని రాజు అనునంతలోనే రథము ఆమడ దూరము దాటిపోయినదట. నలునికి తెలిసిన విద్య పేరు అశ్వహృదయము, అనగా గుఱ్ఱము మనస్సు తెలియుట.

పాతకాలపు డ్రైవర్లకు కూడ ఇట్టి విద్య ఒకటి ఉండెడిది. చలిలో చోక్ ఎంత లాగవలెనో, కార్బురేటరులో చెత్త పడినపుడు ఇంజను ఎట్లు దగ్గునో, పాయింట్లకు గరుకు కాగితము ఎప్పుడు రుద్దవలెనో వారికి చెవితోను, చేతితోను తెలిసెడిది. ఈ విద్య వారికి జీవనోపాధి మాత్రమే కాదు, గౌరవము కూడ. కొత్త కుఱ్ఱవాడు క్లీనరుగా చేరి, దెబ్బలు తిని, ఏండ్ల తరబడి నేర్చి, చివరకు 'ఉస్తాద్' అనిపించుకొనెడివాడు. కంప్యూటరు వచ్చి ఈ విద్యలో పెద్దభాగమును తన పెట్టెలో దాచుకొన్నది. చోదకుని మనస్సులోని బాధకు మొదటి మూలము ఇచ్చటనే ఉన్నది.

కంప్యూటరు ప్రవేశము

కారులోనికి కంప్యూటరు విలాసము కొరకు రాలేదు. 1970ల నాటికి అమెరికా మొదలగు దేశములలో వాహనముల పొగపై కఠినమైన చట్టములు వచ్చినవి. గాలి, పెట్రోలు ఎంత పాళ్లలో కలియవలెనో కార్బురేటరు అంత సూక్ష్మముగా నిర్ణయింపలేదు. పొగగొట్టములో మిగిలిన ఆక్సిజనును ఒక సెన్సరు కొలిచి చెప్పగా, దానినిబట్టి పెట్రోలు పాలును క్షణక్షణము సరిదిద్దుటకు ఎలక్ట్రానిక్ గణనయంత్రము అవసరమైనది. 1981 నాటికి జనరల్ మోటార్స్ సంస్థ అమెరికాలో అమ్ము తన పెట్రోలు కార్లలో ఇట్టి యంత్రములను విరివిగా అమర్చినది. మన దేశములో 1983 డిసెంబరులో కార్బురేటరుతో వెలువడిన మారుతి 800 సైతము, 2000 ప్రాంతమున కాలుష్య నిబంధనలు బిగిసినపుడు, కంప్యూటరు ఆధీనములోని ఇంధన విధానమునకు మారినది.

తొలి అనుభవములన్నియు మధురములు కావు. 1981లో కాడిలాక్ కార్లలో ఎనిమిది సిలిండర్ల ఇంజనును అవసరమునుబట్టి ఆరింటితోనో, నాలుగింటితోనో నడుపు ఏర్పాటు వచ్చినది. ఆలోచన మంచిదే. కాని నాటి కంప్యూటరుకు అంత వేగము లేదు. బండి కుదుపులకు లోనయ్యెడిది. కొన్నవారిలో పలువురు ఆ ఏర్పాటును తీయించివేసికొనిరి. చాల నమూనాలనుండి సంస్థ మరుసటి ఏడే దానిని తొలగించినది. “కంప్యూటరున్న బండి నమ్మరానిది” అను అభిప్రాయమునకు ఇట్టి ఘటనలు బలమిచ్చినవి.

రక్షించు యంత్రము

ఐనను కంప్యూటరు చేసిన మేలును కాదనుట కృతఘ్నత. 1978లో బాష్ సంస్థ రూపొందించిన ఎలక్ట్రానిక్ ఏబీఎస్ బ్రేకు మెర్సిడెస్ పెద్దకారులో వెలువడినది. బ్రేకు గట్టిగా నొక్కినపుడు చక్రము బిగిసిపోయినచో టైరు జారును. జారుచున్న టైరు స్టీరింగు మాట వినదు. ఏబీఎస్‌లో ప్రతి చక్రము వేగమును సెన్సర్లు గమనించుచుండును. ఏ చక్రమైనను బిగియబోవునపుడు కంప్యూటరు ఆ చక్రమునకు పోవు బ్రేకు ఆయిలు ఒత్తిడిని తగ్గించి, మరల పెంచును. ఇది సెకనుకు పలుమార్లు జరుగును. ఏ ఉస్తాదు కాలును ఇంత వేగముగా ఆడలేదు. మన దేశములో 2019 ఏప్రిల్ నుండి కొత్తకార్లన్నింటికి ఇది తప్పనిసరి అయినది.

1995లో వచ్చిన ఎలక్ట్రానిక్ స్థిరతా విధానము ఇంకను ముందడుగు. స్టీరింగు తిరిగిన దిశకును, బండి పోవుచున్న దిశకును తేడా వచ్చినచో అది ఒక్కొక్క చక్రమునకు వేరువేరుగా బ్రేకు వేసి బండిని దారిలో పెట్టును. 1997లో స్వీడనులో అడ్డమువచ్చిన మృగమును తప్పించుకొను పరీక్షలో మెర్సిడెస్ చిన్నకారు బోల్తాపడగా, ఆ సంస్థ ఈ విధానమును ఆ కార్లన్నింటికి అమర్చవలసివచ్చినది. ఒంటరిగా అదుపు తప్పి జరుగు ప్రాణాంతక ప్రమాదముల భయమును ఇది దాదాపు సగము తగ్గించునని అమెరికాలోని అధ్యయనములు తేల్చినవి. 2022లో మన దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించిరి. ఈ సంఖ్యను తలచినవారెవ్వరును ప్రాణరక్షణ యంత్రమును తేలికగా త్రోసిపుచ్చజాలరు.

విముఖతకు కారణములు

మరి చోదకుడు విముఖుడగుటకు కారణమేమి? అది కేవలము మొండితనమా? కాదు. పరిశీలించినచో నాలుగు కారణములు కనబడుచున్నవి.

మొదటిది అధికార నష్టము. 1974 నమూనా అమెరికన్ కార్లలో ముందుసీటు బెల్టు పెట్టుకొననిదే ఇంజను స్టార్టు కాకుండునట్లు ఏర్పాటు చేసిరి. సీటుమీద కూరగాయల సంచి ఉంచినను, కుక్క కూర్చున్నను బండి దానిని మనిషియని భ్రమించి కదల నిరాకరించెడిది. ప్రజలు ఆగ్రహించిరి. అదే సంవత్సరము అక్టోబరులో అమెరికా ప్రభుత్వము అట్టి ఏర్పాటును తప్పనిసరి చేయరాదని చట్టమే వచ్చినది. బెల్టు మంచిదే, కాని బలవంతము చేసిన తీరు ఆ మంచిని ఓడించినది. మన దేశములో 2019 జూలై నుండి కొత్తకార్లలో బెల్టు పెట్టుకొననిచో గంట మ్రోగును, వేగము 80 కిలోమీటర్లు దాటినచో ఆగి ఆగి, 120 దాటినచో ఎడతెగక హెచ్చరిక వినబడును. ఆ గంట నోరు మూయించుటకు బెల్టు కొండిలో గ్రుచ్చు ఒక లోహపుముక్క బజారులోనికి వచ్చినది. దాని అమ్మకమును ఆపవలసినదిగా 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ ఐదు ఆన్‌లైన్ విక్రయ సంస్థలను ఆదేశించినది. ప్రాణము కాపాడు గంటను డబ్బిచ్చి నోరు మూయించుట ఎంతటి విపరీతము! కాని ఆ విపరీతములో ఆజ్ఞను సహింపని మానవ స్వభావము కనబడుచున్నది.

రెండవది నైపుణ్య క్షయము. బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త లిజాన్ బెయిన్‌బ్రిడ్జ్ 1983లో ప్రకటించిన ఒక ప్రసిద్ధ వ్యాసములో ఒక వైపరీత్యమును ఎత్తిచూపెను. సులభమైన పనినంతయు యంత్రమునకు అప్పగించి, యంత్రము చేయలేని కష్టమైన పనిని మాత్రము మనిషికి వదలుచున్నాము. కాని దినదినము అభ్యాసము లేని మనిషి ఆ కష్టక్షణమున ఏమి చేయగలడు? దారిని, వేగమును కంప్యూటరే చూచుకొను నేటి కార్లలో చోదకుడు చేతులు ముడుచుకొనియు మెలకువగా ఉండవలెను. పని చేయుట కంటె పనిలేక కావలికాయుట కష్టము.

కొన్నియెడల పాత విద్యయే కొత్త బండిలో దోషమగును. జారురోడ్డుమీద బ్రేకును నొక్కి, వదలి, మరల నొక్కవలెనని పూర్వపు ఉస్తాదులు నేర్పిరి. ఏబీఎస్ ఉన్న బండిలో గట్టిగా నొక్కిపట్టవలెను. అపుడు కాలిక్రింద పెడల్ అదరును. సంగతి తెలియనివాడు బ్రేకు చెడినదని భయపడి కాలు తీసివేయును. అటులనే వదులు కంకరపై ఏబీఎస్ బండి ఇంకను దూరము పోయి ఆగుట కలదు. రక్షణ ఉన్నదను ధీమాతో తొందరపడువారును కలరు. 1980లలో జర్మనీలోని మ్యూనిక్ నగరములో ఏబీఎస్ ఉన్న టాక్సీలను, లేని టాక్సీలను పోల్చిచూడగా ప్రమాదములు తగ్గలేదు. యంత్రము ఇచ్చిన భద్రతను చోదకులు వేగముగా ఖర్చుపెట్టుకొనిరి.

మూడవది అవిశ్వాసము. కంప్యూటరు తప్పు చేయునను భయము ఒకటి, దానిచే తప్పు చేయింతురను భయము వేరొకటి. 2015 జూలైలో ఇద్దరు అమెరికన్ పరిశోధకులు దూరమునుండియే ఒక జీప్ చెరోకీ బండిలోనికి ఇంటర్నెట్ ద్వారా చొరబడి దాని వేగమును తగ్గింపగలమని నిరూపించిరి. తయారీదారు 14 లక్షల వాహనములను సరిదిద్దుటకు వెనుకకు పిలువవలసివచ్చినది. అదే సంవత్సరము సెప్టెంబరులో ఫోక్స్‌వాగన్ డీజిలు కార్ల కంప్యూటరు, పరీక్ష జరుగుచున్నదని పసిగట్టి అప్పుడు మాత్రమే పొగను తగ్గించుచున్నదని బయటపడినది. ప్రపంచమందు సుమారు 1 కోటి 10 లక్షల వాహనములలో ఈ మోసము ఉన్నట్లు తేలినది. యంత్రము అబద్ధమాడదని మనమందుము. ఆడించువాడున్నచో అదియును ఆడునని నాడు లోకమునకు తెలిసినది.

నాలుగవది పరిసరముల పొత్తు లేకుండుట. తెల్లగీతలు స్పష్టముగానున్న రోడ్లకొరకు పుట్టిన విధానములు మన రోడ్లపైకి వచ్చినపుడు తికమకపడును. దీపము లేని ట్రాక్టరు, వరుస తప్పి వచ్చు ఆటో, రోడ్డుమీద ఆరబోసిన వడ్లు, నడిరోడ్డున నెమరువేయు గేదె, ఇవన్నియు మన డ్రైవరుకు నిత్యపరిచయములు. సిగ్నలు వేయక గీత దాటినచో ఆ విధానము స్టీరింగును వెనుకకు లాగును. ఎడ్లబండిని తప్పించబోయినపుడు స్టీరింగు ఎదురుతిరిగినదని మామూ ఇప్పటికిని ఫిర్యాదు చేయును. అతడు దినమును ఆ మీట ఆపివేయుటతోనే ప్రారంభించును. కాని బ్రేకు విధానమును మాత్రము, ఆ సాయంకాలము తరువాత, ఒక్కనాడును ఆపలేదు. భావసంధికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు తెలియదు.

షెడ్డుల భవిష్యత్తు

ఈ సమస్యకు మన సమాజమునకు సంబంధించిన ముఖము ఒకటి కలదు. మన విద్యార్థులలో పలువురి తండ్రులు, అన్నలు మోటారు షెడ్డులలో పనిచేయువారు. పానా, స్క్రూడ్రైవరు ఉన్నచో ఏ బండినైనను నడిపింపగల చేతులవి. నేటి కారులో లోపము సంకేత సంఖ్యగా కంప్యూటరులో దాగియుండును. అమెరికాలో 1996 నుండి ఈ సంకేతములను చదువుటకు ఒకే విధమైన సాకెట్ తప్పనిసరి అయినది. ఐనను లోపలి సమాచారమును సంస్థలు తమ సొంత వర్క్‌షాపులకే పరిమితము చేయుచున్నవని చిన్న మెకానిక్కులు మొరపెట్టిరి. 2012 నవంబరులో మసాచుసెట్స్ రాష్ట్ర ప్రజలు ఓటువేసి, ఆ సమాచారమును బయటి మెకానిక్కులకును ఇవ్వవలెనను చట్టమును గెలిపించుకొనిరి. పోరాడినచో న్యాయము దొరకునని దీనివలన తెలియుచున్నది. కాని తలుపు తెరచిన తరువాత లోపల వ్రాసియున్నది చదువగల చదువు మనకు ఉండవలెను కదా!

ముగింపు

విద్యార్థులారా! యంత్రమును పూజించుటయు, నిందించుటయు రెండును అజ్ఞానమునకే గుర్తులు. బండిలో ఏ విధానమున్నదో, అది ఎప్పుడు పనిచేయునో, ఎప్పుడు చేయదో తెలిసికొనుటయే నేటి అశ్వహృదయము. కారుతో ఇచ్చిన పుస్తకమును విప్పి చదివిన చోదకునికి పెడల్ అదిరినపుడు భయము కలుగదు. తెలియని శక్తి మనలను ఏలునపుడు అవమానము తోచును. తెలిసిన శక్తి మన చేతిలో పనిముట్టగును.

కళాశాల పాలకవర్గమువారికి ఒక మనవి. సాయంకాలములందు మోటారు ఎలక్ట్రానిక్స్‌లో ఒక చిన్న తరగతి నడుపుట మన శక్తికి మించినది కాదు. ఒక పాత ఇంజను, సంకేతములు చదువు ఒక స్కానరు, వారమునకు రెండు దినములు బోధించుటకు ఒక అనుభవశాలి ఉన్నచో చాలును. పాఠములు తెలుగులోను, ఉర్దూలోను చెప్పవలెను. షెడ్డులలోని కుఱ్ఱవాండ్రకు అందులో ప్రవేశముండవలెను. ఇంజను గుండెచప్పుడు తెలిసిన పెద్దలను కూడ అచ్చటికి పిలువవలెను. వారి చెవి, పిల్లల చదువు కలిసిననాడు ఆ రెండింటిలో ఏదియును వ్యర్థము కాదు. ఇట్టి తరగతి తెరచినచో మొదటి దినమున ఒక విద్యార్థిని నేనే తీసికొనివత్తును. వయస్సు అరువది దాటినను అతడు వచ్చుటకు అంగీకరించియున్నాడు.