గోరు తగిలితే చాలు, ఉబ్బుతోంది!

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. గోరు తగిలితే చాలు, నిమిషాల్లో ఆ గీత మేర ఎర్రగా ఉబ్బి దురద పెడుతుంది. అరగంటలో మాయమవుతుంది. రెండేళ్లుగా ఇదే వరస. రక్తం చెడిందని ఇంట్లో వంకాయ, గోంగూర మాన్పించారు. ఏం చేయాలి?
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీ రక్తం చెడలేదు. ఇది దద్దుర్లలో ఒక రకం, డెర్మటోగ్రాఫిజం అంటారు. చర్మంలోని మాస్ట్ కణాలు చిన్న రాపిడికే హిస్టమిన్ అనే రసాయనాన్ని వదిలేస్తాయి. దాంతో సన్నని రక్తనాళాల నుంచి నీరు ఊరి, గీసినంత మేర ఉబ్బుతుంది. ఇది అంటుకోదు, మచ్చ మిగల్చదు. తిండితో సాధారణంగా సంబంధం ఉండదు. గోంగూర హాయిగా తినండి. రెండేళ్లు మీ నోరు కట్టేశారంటే నిజంగా బాధగా ఉంది.

మరీ వేడినీళ్ల స్నానం, గరుకు తువ్వాలు, బిగించి కట్టిన లంగా బొందు, బ్యాగు పట్టీ దీన్ని రేపుతాయి. స్నానం కాగానే ఒంటికి మాయిశ్చరైజర్ రాయండి. దురద నిద్ర చెడగొడుతుంటే సెటిరిజిన్, ఫెక్సోఫెనడిన్ లాంటి మాత్రలు బాగా పనిచేస్తాయి. డాక్టర్‌ని అడిగి కొంతకాలం రోజూ వాడాలి. మందుల షాపులో ఇచ్చే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ మాత్రం వద్దు, చర్మం పల్చబడుతుంది. ఈ సమస్య కొన్నేళ్లు ఉండి, చాలామందిలో దానంతటదే తగ్గుతుంది.

ఒక్కో దద్దురు 24 గంటలు దాటి నిలిస్తే చర్మవైద్యులకు చూపించండి. పెదవులు, నాలుక వాచినా, ఊపిరి అందకపోయినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.