కరెంటు పోయినా చెరగని సర్క్యూట్

ఎఫ్‌పీజీఏ బోర్డును కొత్తగా పట్టుకున్న ఇంజినీరింగ్ విద్యార్థులకు ఒక చిక్కు తరచూ ఎదురవుతుంది. సాయంత్రం ల్యాబులో చక్కగా వెలిగిన ఎల్‌ఈడీలు మర్నాడు బోర్డు ఆన్ చేస్తే ఉలకవు, పలకవు. డిజైన్ చెడిపోయిందనుకుని కోడంతా వెతుకుతారు. నిజానికి అది చెడిపోలేదు, బోర్డులో లేనే లేదు.

ఎఫ్‌పీజీఏ అంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చాక కూడా లోపలి సర్క్యూట్‌ను మార్చుకోగలిగే చిప్. లోపల ఏది దేనికి కలవాలో చెప్పే సమాచారమే బిట్‌స్ట్రీమ్. చాలా ఎఫ్‌పీజీఏలు దీన్ని ఎస్‌ర్యామ్‌లో ఉంచుకుంటాయి కాబట్టి కరెంటు తీయగానే పోతుంది. అందుకే పక్కన ఒక ఫ్లాష్ మెమరీ చిప్ పెడతారు. ఆన్ చేసిన ప్రతిసారీ ఎఫ్‌పీజీఏ దాన్ని చదివి తన సర్క్యూట్‌ను మళ్లీ అమర్చుకుంటుంది. బేసిస్ 3 అనే బోర్డులోని ఆర్టిక్స్-7 చిప్‌కు సుమారు 1.75 కోట్ల బిట్లు కావాలి. దాని ఫ్లాష్‌లో 3.3 కోట్ల బిట్లకు పైగా పడతాయి.

మరి ఆ ఫ్లాష్‌లోకి బిట్లు చేరేదెలా? కంప్యూటర్ నుంచి వచ్చే దారి జేట్యాగ్. నిజానికి ఇది బోర్డు మీద టంకం అతుకులు సరిగా ఉన్నాయో లేదో పరీక్షించడానికి పుట్టిన పద్ధతి. 1990లో ఐఈఈఈ 1149.1 ప్రమాణమైంది. నాలుగు తీగలతో పని నడుస్తుంది. కానీ ఆ తీగలు ఎఫ్‌పీజీఏ దగ్గరే ఆగిపోతాయి. ఫ్లాష్‌కు జేట్యాగ్ తెలియదు, దానికి తెలిసింది ఎస్‌పీఐ. దాని తీగలూ ఎఫ్‌పీజీఏకే కలిసి ఉంటాయి.

ఇక్కడే అసలు ఉపాయం ఉంది. సాఫ్ట్‌వేర్ ముందుగా ఒక చిన్న డిజైన్‌ను జేట్యాగ్ ద్వారా ఎఫ్‌పీజీఏలోకి పంపుతుంది. దాంతో ఆ చిప్ కాసేపు వంతెనగా మారి, జేట్యాగ్‌లో వచ్చిన బిట్లను ఎస్‌పీఐలో ఫ్లాష్‌కు అందిస్తుంది. అంటే ఎఫ్‌పీజీఏ మెమరీని రాసేది ఎఫ్‌పీజీఏనే!

ఫ్లాష్‌లో రాయడం పలక మీద రాసినంత సులువు కాదు. చెరిపితే బిట్లన్నీ 1 అవుతాయి. రాయడమంటే కొన్నిటిని 0 చేయడమే. ఒక్క బిట్‌ను తిరిగి 1 చేయాలన్నా ఆ సెక్టారంతా చెరపాల్సిందే. అందుకే ముందు చెరపడం, తర్వాత రాయడం, ఆపై చదివి సరిచూడడం. నేరుగా ఎఫ్‌పీజీఏకు పంపడంకన్నా ఇది చాలా ఎక్కువ సేపు పడుతుంది.

మధ్యలో కేబుల్ ఊడితే? పాత డిజైన్ చెరిగిపోయింది, కొత్తది సగమే ఉంది. ల్యాబులోనైతే జేట్యాగ్ దారి తెరిచే ఉంటుంది కనుక మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఎక్కడో టవర్ మీద ఉన్న పరికరాన్ని దూరం నుంచి అప్‌డేట్ చేస్తుంటే మాత్రం కేబుల్ పట్టుకెళ్లేవారుండరు. అలాంటి చోట ఫ్లాష్‌లో ఒక పాత, నమ్మకమైన డిజైన్‌ను ముట్టుకోకుండా ఉంచుతారు. కొత్తదానిలో లోపం కనబడితే ఎఫ్‌పీజీఏ దానికే తిరిగి వెళ్తుంది.

ల్యాబు విద్యార్థికి ఇంకో మెలిక మిగిలి ఉంది. రాయడం పూర్తయినా చిప్‌లో ఇంకా వంతెనే ఉంటుంది. మోడ్ జంపర్‌ను క్యూఎస్‌పీఐ స్థానానికి మార్చి, బోర్డును ఒకసారి ఆపి ఆన్ చేయాలి. కాసేపటికి ‘డన్’ ఎల్‌ఈడీ వెలిగితే ఎఫ్‌పీజీఏ ఫ్లాష్‌ను చదువుకున్నట్టే.