నీళ్ళు తయారయ్యే దాకా

పంపు వేసిన మూడో రోజు పొద్దున్న తలుపు తీసి చూస్తే, రాళ్ళ మీంచి నీళ్ళు జారిపడే చోట బెత్తెడు ఎత్తున నురగ. పాలు పొంగి గట్టుకు అంటుకున్నట్టుంది. జర్మనీలోని కార్ల్స్‌రూహెలో మా ఇంటి వెనక ఏప్రిల్ అంతా తవ్వి, రబ్బరు షీటు పరిచి, మే మొదటి వారంలో నింపుకున్న కొలను అది. భయమేసి ఫొటో తీసి కైకలూరులో చేపల చెరువులు చేసే మా బాబాయికి పంపాను. వెంటనే ఫోన్ చేశాడు. "చేపలు వేశావా అమ్మా?" అన్నాడు. లేదన్నాను. "అయితే కంగారేం లేదు. నీళ్ళు ఇంకా పచ్చిగా ఉన్నాయి. తయారవనీ."

నీళ్ళు నింపడం ఒక పూట పని. నీళ్ళు తయారవడం ఆరు వారాల పని. ఈ రెండో పనికే మనకు ఓపిక చాలదు. కొత్త కొలనుల్లో చనిపోయే చేపల్లో చాలా వాటి చావుకు మన తొందరే కారణమని నా నమ్మకం.

మొదట తెలియాల్సింది కొలనులో ఎన్ని లీటర్లు పట్టాయన్నది. పొడవు నాలుగు మీటర్లు, వెడల్పు మూడు, లోతు ఒకటి అని లెక్క కడితే 12,000 లీటర్లు వచ్చింది. కానీ గట్లు ఏటవాలుగా ఉంటాయి, మొక్కల కోసం మెట్లు వదులుతాం. నింపే ముందూ తర్వాతా నీటి మీటరు చదివితే అసలు లెక్క 7,200 అని తేలింది. ఇకపై ఎన్ని నీళ్ళు మార్చాలన్నా, ఏ మందు ఎంత వేయాలన్నా ఈ అంకె మీదే ఆధారం. మీటరు చదవడం మరిచిపోతే మళ్ళీ కొలిచే దారి దాదాపు లేదు.

తర్వాత కుళాయి నీళ్ళను విడిగా పరీక్షించి రాసిపెట్టుకోవాలి. ఈ ఊరి తాగునీరు రైన్ మైదానపు కంకర పొరల్లోంచి తోడిన భూగర్భ జలం. సున్నం ఎక్కువ, జర్మన్ లెక్కలో 'కఠిన' తరగతి. ఇక్కడి పరీక్ష కిట్లు కార్బొనేట్ కఠినతను డిగ్రీల్లో చెబుతాయి, బాబాయికేమో ఆల్కలినిటీ పీపీఎంలో కావాలి. ఒక డిగ్రీ అంటే సుమారు 18 పీపీఎం. డిగ్రీలను పద్దెనిమిదితో గుణించి చెబితే, "మా చెరువుకి నేను సంచులు సంచులు సున్నం వేసి తెచ్చుకునేది నీకు కుళాయిలోనే వస్తోందే!" అన్నాడు. ఆ సున్నమే పీహెచ్‌ను పట్టి ఉంచుతుంది. వాన నీళ్ళతో మాత్రమే నింపిన కొలనుకు ఆ ఆసరా ఉండదు.

ఇప్పుడు నురగ సంగతి. స్వచ్ఛమైన నీటిలో గాలి బుడగ పుట్టిన మరుక్షణమే పగులుతుంది. నీటిలో మాంసకృత్తుల లాంటి సేంద్రియ పదార్థాలు కరిగి ఉంటే, అవి బుడగ చుట్టూ పొరలా చేరి దాన్ని పగలనివ్వవు. పప్పు ఉడికేటప్పుడు పొంగు కట్టేదీ ఇందుకే. చేపలే లేని నా కొలనులోకి ఆ పదార్థాలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? వెతికితే రెండు దారులు కనిపించాయి. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కలను ఎరువు కలిపిన మట్టితో సహా దించాను. అది నా తప్పే. నీటి మొక్కల వేళ్ళు కడిగి, ఉత్త కంకరలో నాటాలి. రెండోది పుప్పొడి. ఊరికి ఉత్తరాన హార్ట్‌వాల్డ్ అడవిలో పైన్ చెట్లు చాలా ఉన్నాయి. మే నెలలో కార్ల మీద, కిటికీల మీద పసుపు చల్లినట్టు పుప్పొడి పడుతుంది. కొలను దాన్ని రాత్రింబవళ్ళు పట్టుకుంటుంది.

నురగ రకం తెలుసుకోవడానికి ఒక సీసా చాలు. సగం వరకు కొలను నీళ్ళు పోసి, మూత బిగించి, పది సెకన్లు గట్టిగా ఊపి నిలబెట్టాలి. పక్కనే కుళాయి నీళ్ళతో మరో సీసా. కుళాయి నీటి బుడగలు వెంటనే పోతాయి. సేంద్రియ నురగ కాసేపు నిలిచి కుంగుతుంది, కొంచెం పసుపు తిరిగి ఉంటుంది, మట్టి వాసనో నీచు వాసనో వేస్తుంది. తెల్లగా మెరుస్తూ, ఇంద్రధనుస్సు రంగులతో, సువాసనతో మొండిగా నిలిచేది సబ్బు నురగ. బెంగళూరు బెళ్లందూరు చెరువు నురగ రోడ్ల మీదికి ఎగిరిన దృశ్యాలు మనం చూసినవే. జర్మనీ నదుల మీదా 1950లలో అలాంటి నురగ కొండలు తేలేవి. సూక్ష్మజీవులు తినలేని డిటర్జెంట్లను కట్టడి చేస్తూ 1961లో చట్టం తెచ్చాకే అవి తగ్గాయి. ఇంటి కొలనులో సబ్బు నురగ కనిపిస్తే ఆలోచించకుండా నీళ్ళు మార్చేయడమే. నాది సబ్బు కాదు. దుకాణాల్లో నురగ విరిచే మందులు దొరుకుతాయి గానీ నేను కొనలేదు. నురగ పోతుంది, దాని కారణం నీళ్ళలోనే ఉండిపోతుంది.

ఆ కారణం కుళ్ళితే వచ్చేది అమ్మోనియా. గాలిలోని నత్రజని నుంచి అమ్మోనియా చేసే పద్ధతిని ఫ్రిట్జ్ హాబర్ 1909 జులైలో చేసి చూపింది ఈ ఊరి సాంకేతిక విద్యాలయంలోనే. మన పొలాల్లో చల్లే యూరియా వెనక ఉన్నది ఆ ప్రయోగమే. పొలానికి పంటనిచ్చే పదార్థం చేప మొప్పలను కాలుస్తుంది. ఎంత కాలుస్తుందన్నది పీహెచ్ నిర్ణయిస్తుంది. 25 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపం ఒక శాతం కూడా ఉండదు. పీహెచ్ 8 దగ్గర అయిదు శాతం దాటుతుంది. 9 దగ్గర మూడో వంతుకు పైనే. నాచు ఎండలో కార్బన్ డయాక్సైడును తినేస్తుంది కాబట్టి సాయంత్రానికి పీహెచ్ పెరుగుతుంది. అందుకే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కొలవాలి. పొద్దున కొలిచి నిశ్చింతగా ఉంటే సాయంత్రం ప్రమాదం కనబడదు. ఆక్సిజన్‌తో వచ్చే ప్రమాదం వేళ వేరు, తెల్లవారుజామున అది అన్నిటికన్నా తక్కువ. ఆ వేళకే చేపలు తలలు పైకి పెడతాయని కొల్లేటి చుట్టుపక్కల రైతులందరికీ తెలుసు.

మొక్కలు తీసి, వేళ్ళు కడిగి, తిరిగి నాటాను. నురగను వలతో, చెంబుతో ఎత్తి పోశాను. ఎత్తిన కొద్దీ ఆ పదార్థం నీళ్ళలోంచి బయటికి పోయినట్టే. వారానికోసారి అయిదో వంతు, అంటే 1,440 లీటర్లు మార్చాను. పాత కొలను ఉన్న పొరుగింటావిడ తన ఫిల్టర్ స్పాంజి ముక్క ఒకటి ఇచ్చింది. బజారులో అమ్మే ఏ సీసాకన్నా అదే ఎక్కువ పని చేసిందనుకుంటాను. అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఆ స్పాంజిలో అప్పటికే కాపురముంది. ఆ స్పాంజిని క్లోరిన్ కలిపిన నీళ్ళతో కడిగితే ఆ సంసారం కూలిపోతుంది. కొలను నీళ్ళలోనే, అదీ బాగా మూసుకుపోయినప్పుడే, పిండాలి.

రెండో వారంలో అమ్మోనియా దిగింది, నైట్రైట్ లేచింది. చాలామంది ఇక్కడే మోసపోతారు. నైట్రైట్ చేప రక్తాన్ని గోధుమరంగుకు తిప్పి, నీటిలో ఆక్సిజన్ ఉన్నా అందకుండా చేస్తుంది. నీళ్ళేమో చూడ్డానికి అద్దంలా ఉంటాయి. నాలుగో వారం రాత్రులు చల్లబడి బాక్టీరియా నెమ్మదించింది, నైట్రైట్ అంకె కదల్లేదు. ఆరో వారం చివర వరుసగా అయిదు రోజులు రెండూ సున్నా చూపాయి.

అప్పుడు బాబాయికి ఫోన్ చేశాను. "అయిదే వెయ్యి. మేత చిటికెడు. రెండు నిమిషాల్లో తిననిది తీసెయ్యి," అన్నాడు. చేపల సంచీని అరగంట నీటి మీద తేలనిచ్చి, కొలను నీళ్ళు కొంచెం కొంచెం కలిపి వదిలాను. రాళ్ళ దగ్గర ఇప్పటికీ వాన పడిన మర్నాడు గుప్పెడు బుడగలు కనిపిస్తాయి. సీసా పట్టుకెళ్ళి ఊపి చూస్తాను. మధ్యాహ్నానికల్లా అవి పోయి ఉంటాయి.