కొత్త కంపెనీలలో వాటా తీసికొను రైతులు తెలిసికొనవలసిన సంగతులు

చదువుకొన్న పిల్లలు యంత్రములు అద్దెకిచ్చుటకో, పంట నేరుగా పట్టణమున నమ్ముటకో స్టార్టప్ కంపెనీలు పెట్టి, ఊరివారిని వాటా తీసికొనుడని కోరుచున్నారు. ఈ వాటా మన సంఘపు వాటా వంటిదేనా యని పలువురు మమ్ము నడిగిరి. కాదు.

మన సంఘములో ఎంత మూలధనము చెల్లించినను ఒక సభ్యునికి ఒక వోటే. ఇది ఇంగ్లండులోని రాచ్‌డేలు పట్టణమున 1844లో సంఘము పెట్టిన కార్మికులనాటి ఆచారము. కంపెనీలో సాధారణముగా ఎన్ని షేర్లో అన్ని వోట్లు.

కంపెనీ కొంత నిలద్రొక్కుకొనగానే వెంచర్ క్యాపిటల్ అను పెద్ద పెట్టుబడిదారు వచ్చును. కంపెనీకి 10,000 షేర్లు గలవనియు, అందు రైతులవి 2,000 అనియు, అనగా అయిదవవంతనియు అనుకొందము. అతడు కోటి రూపాయలిచ్చి 2,500 కొత్త షేర్లు పొందును. ఇపుడు రైతుల వాటా నూటికి 16. దీనిని చూచి మోసమని కేకలు వేయనక్కరలేదు. షేరు 4,000 రూపాయల లెక్కన వెనుక నాలుగు కోట్ల కంపెనీలో అయిదవవంతు 80 లక్షలు. ఇపుడు అయిదు కోట్లలో నూటికి 16 వంతున అదియే 80 లక్షలు.

చిక్కంతయు మరియొక చోట నున్నది. అతడు పుచ్చుకొనునవి తరచుగా ప్రిఫరెన్సు షేర్లు. కళ్లములో ధాన్యము కొలుచునపుడు అప్పిచ్చినవాడు తన గింజలు ముందు కొలిపించుకొనునట్లు, కంపెనీని అమ్మినపుడు తన కోటి ముందు తీసికొందునని ఒడంబడికలో వ్రాయించుకొనును. కంపెనీ కోటిన్నరకే అమ్ముడుపోయెనా, నూటికి 16 చొప్పున రైతులకు 24 లక్షలు రావలెను. కాని కోటి ముందుపోగా మిగిలిన 50 లక్షలలో వారికి వచ్చునది 10 లక్షలే. ఆ మిగిలినదానిలోను అతనికి భాగముండునని వ్రాసియుండినచో 8 లక్షలే! పది కోట్లకు అమ్మినపుడు, అతడు తన షేర్లను సాధారణ షేర్లుగా మార్చుకొనినయెడల, రైతులకు కోటి అరువది లక్షలు చేరును. కనుక ఆ ఒక్క షరతును చదివించుకొనక సంతకము చేయుట మాకు సమ్మతము కాదు.

చట్టము మనలను పూర్తిగా విడువలేదు. 2013 నాటి కంపెనీల చట్టము 62వ సెక్షను ప్రకారము కొత్త షేర్లను ముందుగా పాత వాటాదారులకు వారి వంతు చొప్పున ఇవ్వజూపవలెను. ప్రత్యేక తీర్మానము చేసి బయటివారికి ఇయ్యవచ్చును గాని, దానికి వ్యతిరేకముగా పడిన వోట్లకు మూడింతలైనను అనుకూలముగా పడవలెను. పైన చెప్పిన అయిదవవంతు రైతులు తామొక్కరే దానిని ఆపజాలరు. పావువంతుకు మించినవారు ఆపగలరు. అణచివేత జరిగినచో సభ్యులలో పదవవంతు మందియైనను, మూలధనములో పదవవంతు గలవారైనను కంపెనీ లా ట్రైబ్యునలునకు మొఱపెట్టుకొనవచ్చును.

వోటు సమానముగా నుండవలెనని కోరువారికి 2002 సవరణతో వచ్చిన ఉత్పత్తిదారుల కంపెనీ కలదు. వ్యక్తులే సభ్యులైనచో అచ్చటను మనిషికొక వోటే. దాని షేర్లు బయటి పెట్టుబడిదారునకు అమ్ముటకు వీలులేదు. అందుచేతనే దానికి పెద్ద సొమ్ము దొరకుట కష్టము.

ఇక డబ్బు కట్టు పద్ధతి. ఇట్టి షేర్లకు నగదు పుచ్చుకొనరాదు; చెక్కు మూలముగానో బ్యాంకు ద్వారానో చెల్లించి రసీదు దాచుకొనుడు. కంపెనీవారు 60 దినములలో షేర్లు కేటాయింపవలెను. లేనిచో పిమ్మట 15 దినములలో సొమ్ము తిరిగి ఇయ్యవలెను. అదియు చేయనిచో 60వ దినము గడచిననాటినుండి నూటికి 12 వడ్డీ చెల్లును.