భవనపటములయందు రంగుల వాడుక

ఇల్లు కట్టదలచినవాడు మొదట కాగితముమీద ఇల్లు కట్టును. గోడలు నల్లని గీతలుగను, ద్వారములు గోడల నడుమ ఖాళీలుగను అందు కనబడును. నాలుగు గదుల ఇంటికి ఇంతమాత్రము చాలును. గదులు నూరో రెండువందలో అయినప్పుడు ఆ గీతల యడవిలో ఏ గది ఎవరిదో తెలిసికొనుట కష్టము. అందుచేత ప్రతి గదిని, అది చెందిన శాఖను బట్టి, ఒక్కొక్క రంగుతో నింపు పద్ధతి ఏర్పడినది. పూర్వము ఇంజనీర్లు కుంచెతో పలుచని రంగునీరు పూసి ఈ పని చేసెడివారు. నేడు కంప్యూటరు చేయుచున్నది. ఆ విధమును, అందలి చిక్కులను మా విద్యార్థులకు వివరింపదలచితిమి.

మన గుంటూరులో ఇందులకు తగిన ఉదాహరణములు ఆసుపత్రులే. డాక్టరు అన్నా కూగ్లరు 1883లో ఈ పట్టణమునకు వచ్చి, స్త్రీలకును శిశువులకును వైద్యము చేసిరి. వారి కృషివలన 1898లో మిషను ఆసుపత్రి తెరవబడెను. అదియే వారి పేర కూగ్లరు ఆసుపత్రిగా ప్రసిద్ధి కెక్కినది. 1946లో గుంటూరు వైద్య కళాశాల వెలసినది. దానికి ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి బోధనాలయముగా నున్నది. పెద్ద ఆసుపత్రి యేదియు సాధారణముగా ఒక్కనాడు ఒక్క ప్లానుతో పూర్తికాదు. ఒక దాత వార్డు కట్టించును. పది యేండ్లకు ప్రభుత్వము మరియొక మేడ లేపును. ఎక్స్‌రే యంత్రము వచ్చినప్పుడు ఖాళీగా నున్న గది దానికి దక్కును. ఇట్లు పెరిగిన భవనములో ఒకే శాఖకు చెందిన గదులు నాలుగు మూలలకు చెదరిపోవును.

దీని కష్టమెవరిదో చూడుడు. ప్రత్తిపాడు ప్రాంతమునుండి ఒక మిరపచేని కూలి తల్లి, ఆనాటి కూలి వదలుకొని, జ్వరపడిన బిడ్డను చంకనెత్తుకొని వచ్చినదనుకొందము. చీటీ ఒకచోట, వైద్యుని గది ఒకచోట, రక్తపరీక్ష వేరొక అంతస్తులో, మందుల కొట్టు గేటు చెంత. ఆమె ఎన్నిసార్లు మెట్లెక్కి దిగినదో నల్లగీతల ప్లాను చెప్పజాలదు. అదే ప్లానులో బయటి రోగుల శాఖకు పసుపు, పరీక్షాశాలలకు నీలము, మందుల శాఖకు ఆకుపచ్చ వేసినచో, పసుపునకును నీలమునకును నడుమ ఎంత దూరమున్నదో చూపరికి క్షణములో తెలియును. కట్టక పూర్వమే తెలిసినయెడల గది మార్చుటకు ఒక గీత చెరిపి వేయుటయే ఖర్చు.

కంప్యూటరులో ఇది జరుగు విధము. ఆటోక్యాడ్ అను సాధనము 1982లో వెలువడినది. అందు మౌలికముగా గీత గీతయే. అది గోడ యని మనకు తెలియునుగాని యంత్రమునకు తెలియదు. తరువాత వచ్చిన రెవిట్ అను సాధనమును 2002లో ఆటోడెస్క్ సంస్థ కొనినది. ఇందు గోడను గోడగానే గుర్తించుదురు. నాలుగు గోడల నడుమ గదిని నిలిపినచో, యంత్రము తానే దాని వైశాల్యమును కట్టును. గోడలెక్కడనైన కలియక సందున్నయెడల, గట్టు తెగిన మడిలో నీరు నిలువనట్లు, ఆ గది నిలువదు. చుట్టు మూసియుండలేదని యంత్రము హెచ్చరించును. గది నిలిచిన పిదప దానికి పేరు, సంఖ్య, శాఖ అను వివరములు వ్రాయవలెను. అటుపై ‘శాఖను బట్టి రంగు వేయుము’ అని ఆజ్ఞాపించినచో, పటమంతయు నిండి, ప్రక్కను ఏ రంగు ఏ శాఖదో తెలుపు పట్టికయు నిలుచును. రేపు ఒక గదిని వేరొక శాఖకు మార్చి వ్రాసినచో రంగు దానంతట మారును. కుంచె పట్టిన పూర్వపు ఇంజనీరునకు ఈ సౌకర్యము లేదు.

అయితే యంత్రమునకు తెలివి లేదు, అక్షరములే తెలియును. ఒకడు ‘పరీక్షాశాల’ యనియు, మరియొకడు ‘పరీక్షశాల’ యనియు వ్రాసినచో అది రెండు శాఖలుగా నెంచి రెండు రంగులు వేయును. కావున పని మొదలుపెట్టక ముందే శాఖల పేర్ల జాబితా ఒకటి వ్రాసికొని, అందరును దానినే అనుసరింపవలెను. తెలుగు ఉపాధ్యాయులు వర్ణక్రమ దోషములకు మార్కులు తగ్గించుట అన్యాయమని తలచు బాలురు దీనిని గమనింతురుగాక!

రంగు చూచుటకే గాక లెక్కకును పనికివచ్చును. ఒక పాఠశాలలో గదులన్నియు కలిసి 1,200 చదరపు మీటర్లనుకొందము. అందు తరగతులకు 720, కార్యాలయమునకు 180, సామానుల కొట్లకు 180, ప్రయోగశాలకు 60, గ్రంథాలయమునకు 60. ఈ అంకెలను వరుసగా చదివినవారు తల యూపి ఊరకుందురు. రంగుల పటమును గోడకు తగిలించినచో, విరిగిన బల్లలకు ప్రయోగశాలకంటె మూడురెట్లు స్థలమిచ్చితిమని చిన్న తరగతి బాలునికి సైతము కనబడును. కమిటీవారి యెదుట ఇట్టి పటము ఉపన్యాసముకంటె మేలని మా యభిప్రాయము. ఒక్క జాగ్రత్త: రెవిట్ సాధారణముగా గోడ లోపలి యంచునుండి వైశాల్యము కొలుచును, గోడల మందము అందు చేరదు. కావున గదుల మొత్తము భవనపు మొత్తము వైశాల్యముకంటె తక్కువగనే యుండును.

ఎన్ని రంగులు కావలెను? 1852లో ఫ్రాన్సిస్ గత్రీ అను యువకుడు ఇంగ్లండు జిల్లాల పటమునకు రంగులు వేయుచు, ఇరుగుపొరుగు జిల్లాలకు ఒకే రంగు రాకుండుటకు నాలుగు రంగులు చాలునని కనుగొనెను. ఎట్టి పటమునకైనను నాలుగే చాలునా యను ప్రశ్న గణితశాస్త్రజ్ఞులను నూరేండ్లకు పైగా వేధించినది. 1976లో అపెల్, హాకెన్ అను ఇరువురు కంప్యూటరు సాయమున చాలునని నిరూపించిరి. ఈ సిద్ధాంతము మన పనికి చాలదు. అందు ప్రతి జిల్లాయు ఒకే ముక్క. దూరపు జిల్లాలు రెండు ఒకే రంగు పంచుకొనవచ్చును. మన శాఖలో గదులు చెదరియున్నను అన్నిటికిని ఒకే రంగు కావలెను, ఆ రంగు వేరొక శాఖకు రాకూడదు. కావున శాఖలెన్నియో రంగులన్ని. ఎనిమిదో పదియో దాటినచో కన్ను తడబడును. అప్పుడు చిన్న శాఖలను కలిపివేయుట మంచిది.

మరియొక చిక్కు. పురపాలక సంఘమువారికి అర్పించు ప్లానులకు వేరొక రంగుల భాష కలదు. 1970లో మొదట వెలువడి, 2016లో సవరింపబడిన జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారము క్రొత్తగా కట్టదలచినది ఎరుపు, పడగొట్టదలచినది పసుపు గీతలు, ఇప్పుడున్న వీధి ఆకుపచ్చ. ఇచ్చట రంగు పని యొక్క స్థితిని తెలుపునుగాని శాఖను తెలుపదు. పైని మనము పసుపు వేసిన బయటి రోగుల శాఖను చూచి, ఈ భాష నెరిగిన మేస్త్రి పడగొట్టవలసినదని భ్రమపడవచ్చును. రెండు భాషలను ఒకే కాగితముపై కలుపరాదు. శాఖల పటమునకు వేరు కాగితము, దానిపై వేరు శీర్షిక యుండవలెను.

అందరి కన్నులును ఒక్కటి కావు. ఐరోపీయ జాతుల పురుషులలో సుమారు 12 మందిలో ఒకనికి ఎరుపు, ఆకుపచ్చల భేదము సరిగా తెలియదు. స్త్రీలలో ఈ లోపము బహు తక్కువ. మన తరగతులలోను అట్టి బాలుర ుండవచ్చును. ఆకుల నడుమ పండిన మిరపకాయను దూరమునుండి గుర్తింపలేని బాలుని సోమరి యని తిట్టువారు ఈ సంగతి నెరుగరు. పటమును జిరాక్సు తీసినచో మనమందరమును అట్టివారమే యగుదుము: నీలము, ఎరుపు రెండును ఒకే బూడిదవన్నె తాల్చును. అందుచేత ప్రతి రంగుతోడను గదిలో శాఖ పేరో, సంఖ్యయో వ్రాయవలెను. రంగులు లేతగా నున్నచో అక్షరములు వానిపై చక్కగా కనబడును.

పై తరగతుల విద్యార్థులకు అభ్యాసము: మన పాఠశాల గదులను టేపుతో కొలిచి, గళ్లకాగితముపై 1 సెంటీమీటరు 1 మీటరుగా గీయుడు. కంప్యూటరు లేకున్నను రంగు పెన్సిళ్లు చాలును. ఐదు శాఖలకు మించకుండ పేర్లు నిర్ణయించి రంగు వేయుడు. పిదప ఒక్కొక్క రంగునకు చెందిన గళ్లను లెక్కించి, నీళ్ల కుళాయి ఏ తరగతికి మిక్కిలి దూరమో, ఆ తరగతిలో కూర్చుండునది ఎంత చిన్న పిల్లలో వ్రాసి తెండు.